రెండు నెలలకోసారి నట్టల మందు: నేనెందుకు మానేశాను

పోయిన వారం మా గుర్రాల వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే మెసేజ్ తిరిగింది. "మీ గుర్రానికి ప్రతి రెండు నెలలకోసారి నట్టల మందు తప్పక వేయించండి. ప్రతిసారీ మందు మార్చండి." కింద దండం పెట్టే చేతులు, ఒక గులాబీ. పాతికమంది బొటనవేళ్ళు ఎత్తారు. నేను ఏదో రాయబోయి చెరిపేశాను. గ్రూపులో నాలుగు ముక్కలు దాటితే ఎవరూ చదవరు, నాకున్నది నాలుగు ముక్కల్లో తెమిలే విషయం కాదు. అందుకే ఇక్కడ.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. చేవెళ్ళ దగ్గర రెండెకరాల్లో మూడు గుర్రాలు పెట్టుకుని, వాటికయ్యే ఖర్చు ఇంట్లో సగమే చెప్పే రకం మనిషిని. కానీ ఆ మెసేజ్‌లోని రెండు సలహాలూ తప్పని నా నమ్మకం. తేదీ చూసి మందు వేయడం ఒక తప్పు. ప్రతిసారీ మార్చి వేయడం ఇంకో తప్పు. కడుపునిండా నట్టలు, అంటే పేగుల్లో పెరిగే పురుగులు, ఉన్న గుర్రం విషయంలో అయితే ఆ తొందర ప్రాణం మీదికే తెస్తుంది. నా చేతుల మీదుగా దాదాపు అంత పనీ జరిగింది.

సగం ట్యూబు పిల్లకి, సగం బురదకి

మూడేళ్ళ కిందట ఆగస్టులో, పెళ్ళి బరాత్‌లకు గుర్రాలు తిప్పే ఒకాయన దగ్గర్నుంచి ఒక ఆడగుర్రాన్ని, దాని ఐదు నెలల మగపిల్లను తెచ్చుకున్నాను. తల్లికి గౌరి అని పేరు పెట్టాం. పిల్ల ఎప్పటికీ బుడ్డోడే. గౌరి డొక్కలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. వెన్నెముక కత్తిలా పైకి తేలి ఉండేది. అంత బక్కదానికీ పొట్ట కింద మాత్రం మెత్తటి వాపు. వేలితో నొక్కితే గుంట పడి, అది పూడటానికి కొంతసేపు పట్టేది. లద్దె ఉండలు కట్టకుండా ఆవు పేడలా జారేది. పిల్లకి కుండలాంటి పొట్ట, పుల్లలాంటి మెడ, గరుకు వెంట్రుకలు. అప్పుడప్పుడూ దగ్గు, ముక్కులో చీమిడి. వానాకాలం కదా, జలుబు చేసిందనుకున్నా.

"నట్టలే సార్, చూస్తేనే తెలుస్తలేదా?" అన్నాడు గుర్రాల్ని చూసుకునే మా సైసు. నిజమే, తెలుస్తూనే ఉంది. మందుల షాపుకి పోయి ఐవర్‌మెక్టిన్ పేస్టు ట్యూబు తెచ్చాను. "మంచి స్ట్రాంగ్ సార్, ఒక్క దెబ్బకు మొత్తం సాఫ్" అన్నాడు షాపతను. సగం పిల్ల నోట్లో నాలుక మీదికి నొక్కాను. మిగతా సగం గౌరికి పెట్టబోతే తల ఒక్క విసురు విసిరింది. పేస్టంతా బురదలో పడింది. సరే, రేపు ఇంకో ట్యూబు తెద్దాంలే అనుకుని భోజనానికి వెళ్ళాను. ఆ మొండితనమే దానికి మేలు చేసిందని తర్వాత తెలిసింది.

రాత్రి పదకొండింటికి బుడ్డోడు ముందు కాలితో నేల తవ్వడం మొదలుపెట్టాడు. తల తిప్పి డొక్క వైపు చూసుకోవడం, పడుకోవడం, లేవడం, దొర్లడం. మెడంతా చెమట. పశువుల డాక్టరమ్మ వచ్చేసరికి తెల్లవారుజామున నాలుగయింది. ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోకి పంపితే పచ్చటి నీళ్ళు వెనక్కి తన్నుకొచ్చాయి. ఆ నీళ్ళతో పాటు రెండు తెల్లటి పురుగులు బకెట్లో పడ్డాయి. ఒక్కోటి జానెడుకు పైనే, పెన్సిల్ మందాన. ఒకటింకా మెల్లగా మెలికలు తిరుగుతోంది.

ఏలికపాములు. ఏడాది లోపు గుర్రపు పిల్లల్లో ఎక్కువగా ఉంటాయి. గుడ్లు మట్టిలోంచి, తల్లి పొదుగు మీంచి నోట్లోకి పోతాయి. పొదిగాక పిల్ల పురుగులు కాలేయం, ఊపిరితిత్తులు చుట్టి మళ్ళీ చిన్నపేగుకు చేరతాయి. నేను జలుబనుకున్న దగ్గు కూడా వాటి పుణ్యమే కావచ్చంది డాక్టరమ్మ. ఐవర్‌మెక్టిన్, పైరాంటెల్ లాంటి మందులు పురుగుకు పక్షవాతం తెప్పిస్తాయి. పదో పన్నెండో ఉంటే ఇబ్బంది లేదు, బయటికి పోతాయి. వందల్లో ఉంటే అన్నీ ఒక్కసారే పట్టు వదిలి, తాడు ముడిలా చుట్టుకుని, సన్నటి పేగుకు అడ్డం పడతాయి. ఆ ముడి కదలకపోతే పేగు పగలొచ్చు. డోసు ఎక్కువైందా అని నేను అడుగుతూనే ఉన్నాను. ఎక్కువే అయింది, కానీ అసలు చిక్కు అది కాదు. మందు బాగా పనిచేసింది, అదీ చిక్కు.

ఆ రోజంతా సెలైన్, నొప్పికి ఇంజెక్షన్. మధ్యాహ్నానికి నీళ్ళు వెనక్కి రావడం ఆగాక గొట్టంలోంచి లిక్విడ్ పారాఫిన్. రాత్రి ఎనిమిదింటికి లద్దె పడింది. నూనె కారుతున్న ఆ లద్దెలో ఉడికిన సేమ్యా కలిపినట్టు పురుగులు. టార్చి వెలుగులో యాభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. మరో రెండు రోజులు పడుతూనే ఉన్నాయి. బుడ్డోడు బతికాడు. అన్ని పిల్లలూ బతకవు, అదృష్టం అంతే.

ఇలాంటి పిల్లకి మొదట ఫెన్‌బెండజోల్ లాంటి, పురుగును మెల్లగా చంపే మందు వాడతానని ఆమె చెప్పింది. అది కూడా నూటికి నూరు పాళ్ళు క్షేమం కాదట. "మీరు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది సార్" అంది, కోపంగా కూడా కాదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

కనురెప్ప చూసిన తాత

గౌరికి నేను వెంటనే మందు పడుతుందనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం ముందు రక్తం తీసింది. మన దగ్గర గుర్రం చిక్కిపోయి పొట్ట కింద నీరు దిగితే పురుగులే అని తీర్మానించడానికి లేదు. ఈగలు మోసుకొచ్చే సర్రా రోగం కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది, దాని మందు వేరు. పళ్ళు చూసింది. దవడపళ్ళ అంచులు రంపంలా ఉన్నాయి, అరగదీసింది. సర్రా లేదని రిపోర్టు వచ్చాకే పురుగుల ఊసెత్తింది.

ఈలోపు మా పొలం పక్కన గొర్రెలు మేపే తాత వచ్చి గౌరి కింది కనురెప్ప వేలితో లాగి చూశాడు. "కండ్లు ఎర్రగనే ఉన్నయి సారూ, గింత మంచిగున్నంక నట్టలెక్కడియి?" అన్నాడు. గొర్రెల్లో ఆయన మాట అక్షరాలా నిజం. గొర్రె కడుపులో ఉండే ముఖ్యమైన పురుగు రక్తం తాగుతుంది, రెప్ప తెల్లబడుతుంది. దక్షిణాఫ్రికాలో ఆ రంగుల ఆధారంగానే ఒక కార్డు తయారుచేసి, ఏ గొర్రెకు మందు పట్టాలో చూసి పడుతున్నారు. మన తాతలకు కార్డు లేకుండానే తెలుసు. కానీ గుర్రాల్లో ఇప్పుడు ఎక్కువగా ఉన్నవి చిన్న స్ట్రాంగైల్ పురుగులు. వాటి దెబ్బ రక్తం మీద కన్నా పెద్దపేగు గోడ మీద ఎక్కువ. ఆ గోడలోంచి మాంసకృత్తులు కారిపోతాయి, పొట్ట కింద నీరు దిగుతుంది. రెప్ప మాత్రం ఎర్రగానే ఉంటుంది.

అప్పుడైనా మందు వేశారా అంటే లేదు. పది రోజులు మేత. ఎండు లూసర్న్ గడ్డి కొద్దికొద్దిగా, రోజుకు ఆరుసార్లు. మా అమ్మ పాపం పెద్ద గిన్నె నిండా ఉలవ గుగ్గిళ్ళు ఉడకబెట్టింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో జట్కా గుర్రాలు అవి తినే పరిగెత్తేవట. "ఇప్పుడే వద్దమ్మా, ఎండిన ఒంటికి ఒక్కసారి బలం పెడితే గుండె ఆగుతుంది" అని డాక్టరమ్మ అంటే అమ్మ నమ్మలేదు. "తిండి పెడితే చచ్చిపోతుందా ఎక్కడైనా?" అని నా వైపు చూసింది. నేనూ మనసులో అమ్మ పక్షమే. కానీ బకెట్లో ఆ రెండు పురుగుల్ని చూశాక నోరెత్తే ధైర్యం నాకు లేదు.

ముప్పై ఏడు గుడ్లు

మూడు గ్రాముల లద్దె, నలభై రెండు మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీళ్ళు. కలిపి, టీ వడకట్టే జల్లెడలో వడకట్టి, గళ్ళున్న ఒక గాజు పలకలో పోసి ఐదు నిమిషాలు ఆగాలి. ఉప్పునీళ్ళలో పురుగుల గుడ్లు పైకి తేలతాయి. మైక్రోస్కోపులో రెండు గదుల్లోని గుడ్లు లెక్కపెట్టి యాభైతో గుణిస్తే గ్రాము లద్దెకు ఎన్ని గుడ్లో వస్తుంది. ఇదంతా ఆమె మా వరండాలో టీపాయ్ మీద చేసి చూపించింది. గౌరి పలకలో నేనే లెక్కపెట్టాను, ముప్పై ఏడు. అంటే గ్రాముకు 1,850. సాధారణంగా 500 దాటితేనే ఎక్కువ అంటారు.

తర్వాత బరువు. నా అంచనా 220 కిలోలు. టేపుతో ఛాతీ చుట్టుకొలత 152 సెంటీమీటర్లు, భుజం ముందు నుంచి పిరుదు చివరిదాకా 140. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగిస్తే 272 కిలోలు. నా అంచనాతో డోసు వేసి ఉంటే దాదాపు ఐదో వంతు తక్కువ పడేది. అరకొర డోసు తిని బతికిన పురుగు ఊరికే బతకదు, మందు తట్టుకునే పిల్లల్ని కంటుంది.

ఐదు రోజులు వరసగా ఫెన్‌బెండజోల్, బరువు ప్రకారం. రెండు వారాల తర్వాత మళ్ళీ పలక. ఈసారి ఇరవై నాలుగు గుడ్లు, అంటే 1,200. మందు సరిగ్గా పనిచేస్తే ఏ రెండో మూడో మిగలాలి, మూడింట రెండొంతులు మిగిలాయి. ఆ బరాత్ గుర్రాల కొట్టంలో ఎన్నేళ్ళుగా ఆ మందు పోస్తున్నారో మరి, అక్కడి పురుగులకది మంచినీళ్ళతో సమానం. అప్పటికి గౌరి కాస్త ఒళ్ళు చేసింది కాబట్టి ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు, కిలోకు 0.2 మిల్లీగ్రాముల లెక్కన. పద్నాలుగు రోజులకు పలక ఖాళీ. పొట్ట కింద వాపు పూర్తిగా దిగడానికి ఇంకో నెలన్నర పట్టింది.

మందులు మార్చి మార్చి వేయండి అన్న సలహా మీద నా కోపమంతా ఇక్కడే. లెక్క చూడకుండా ఒకసారి ఇది, ఇంకోసారి అది వేసుకుంటూ పోతే ఏది పనిచేసిందో, ఏది దండగో ఎప్పటికీ తెలియదు. పనిచేసేది పనిచేయనిదాని పరువు కాపాడుతూ ఉంటుంది.

మా ముసలి సుల్తాన్ సంగతి ఇంకా తమాషా. అదే గడ్డి, అదే తొట్టి. ఏడాదిగా మందు లేదు. దాని పలకలో ఒకే ఒక్క గుడ్డు, అంటే 50. గుర్రాల మందలో ఎక్కడైనా ఇంతేనట, ఓ పాతిక శాతం గుర్రాలే దాదాపు ఎనభై శాతం గుడ్లు వదులుతాయి. రెండు నెలలకోసారి లెక్కన సుల్తాన్‌కు ఏడాదికి ఆరుసార్లు మందు పడాలి. దేనికి?

ఆ రెండు నెలలు ఎక్కణ్ణుంచి వచ్చాయి

ఆ లెక్క పుట్టింది మన దగ్గర కాదు. 1966లో అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన డ్రడ్జ్, లయన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. వాళ్ళ గురి పెద్ద స్ట్రాంగైల్ మీద. దాని పిల్లలు పేగులకు రక్తం తీసుకెళ్ళే ధమనిలో తిష్ఠ వేసేవి, రక్తం గడ్డకట్టి గుర్రాలు కడుపునొప్పితో చచ్చేవి. ఆనాటి మందు వేశాక లద్దెలో గుడ్లు మళ్ళీ కనబడటానికి ఎనిమిది వారాలు పట్టేది కాబట్టి ఎనిమిది వారాలకోసారి వేయమన్నారు. అద్భుతంగా పనిచేసింది. పద్ధతిగా మందు వేసిన ఫారాల్లో ఆ పెద్ద పురుగు దాదాపు మాయమైంది.

అసలు శత్రువు పోయినా క్యాలెండర్ మాత్రం గోడ మీద ఉండిపోయింది. ఖాళీ అయిన జాగాలో చిన్న స్ట్రాంగైళ్ళు పెరిగాయి, ఏడాదికి ఆరు డోసుల చొప్పున తింటూ ఒక్కో మందుకూ అలవాటు పడ్డాయి. పైగా అది కెంటకీ వాతావరణం. మా దగ్గర ఏప్రిల్, మే ఎండకు గడ్డి మీది పురుగు పిల్లలు మాడిపోతాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా వాటి రాజ్యం. నడి వేసవిలో వేసిన మందు నుంచి తప్పించుకున్న కాసిని పురుగులే తొలకరికి బయటికొచ్చి వంశం పెంచుతాయి, వాటితో పోటీపడే మామూలు పురుగులు గడ్డి మీద ఉండవు. మందు తగలని పురుగులు కొన్ని ఎప్పుడూ మిగిలి ఉండాలనడం వినడానికి వింతే. నాకూ మింగుడు పడటానికి చాలా రోజులు పట్టింది.

నేపియర్ మడిలో నా తెలివి

మందు సంగతి ఇంత రాశాను కానీ, మా దగ్గర అసలు దొంగను నేనే. సూపర్ నేపియర్ గడ్డి వేసిన పావెకరం మడి ఉంది. రోజూ కొట్టంలోంచి తీసిన పచ్చి లద్దెను బండెడు బండెడు ఆ మడిలోనే పోయించేవాణ్ణి. ఎరువు కొనే పనిలేదని ఎంత మురిసిపోయానో. తడి, నీడ, వెచ్చదనం. లద్దెలోని గుడ్డు పొదిగి, వారం తిరక్కముందే గడ్డి పరక ఎక్కడానికి తయారవుతుంది. ఆ గడ్డినే మొదలంటా కోసి, పచ్చిపచ్చిగా తొట్టిలో వేసేవాళ్ళం. గుర్రంలోంచి వచ్చినదాన్ని సాగుచేసి, కోసి, మళ్ళీ గుర్రానికే వడ్డించాను. డాక్టరమ్మ మడి గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసి, "బాగా పెంచారు సార్" అంది. గడ్డి గురించి అన్నదనుకున్నా.

ఇప్పుడు లద్దె గుంతలో పడుతుంది. కుప్పగా పోసి, కప్పి, నెలకోసారి తిరగేస్తాం. కుప్ప నడుమ చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. పురుగు పిల్లలు ఆ వేడికి చస్తాయి. ఏలికపాము గుడ్లు మొండివి, మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి, అందుకే బాగా మాగిన ఎరువును కూడా గడ్డి మడికి కాకుండా మామిడి చెట్లకే వేస్తున్నాం. గుర్రాలు తిరిగే జాగాలో మూడు రోజులకోసారి లద్దె ఎత్తుతాం. ఇంగ్లండ్‌లో న్యూమార్కెట్ రేసు గుర్రాల ఫారాల్లో 1980లలోనే ఇది తేల్చారు. వారానికి రెండుసార్లు లద్దె ఎత్తిన చోట గడ్డి మీద పురుగు పిల్లలు, మందు మాత్రమే వేసిన చోటికన్నా తక్కువ దొరికాయి. ఈ సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరెందుకో. పారకు అడ్వర్టయిజ్‌మెంటు ఉండదు కదా.

ఇంకో చిన్న లాభం. ఐవర్‌మెక్టిన్ వేసిన కొన్నాళ్ళు లద్దెలోనూ ఆ మందు పడుతుంది, పేడపురుగుల పిల్లలు బతకవు. మందు తగ్గించాక మా దగ్గర ఆ నల్లటి పురుగులు వెనక కాళ్ళతో ఉండలు దొర్లిస్తూ మళ్ళీ కనబడుతున్నాయి.

నాకున్న అనుమానాలు

ఇక్కడిదాకా చదివి ఎవరైనా మందు పూర్తిగా మానేస్తారేమోనని భయంగా ఉంది. డెన్మార్క్‌లో 1999 నుంచి డాక్టర్ చీటీ లేకుండా నట్టల మందు అమ్మకూడదు. గుడ్ల లెక్క చూసి అవసరమైనవాటికే వేస్తున్నారు. బాగానే ఉంది. కానీ ఆ తర్వాత, ధమనిలో తిష్ఠ వేసే ఆ పెద్ద పురుగు అక్కడి ఫారాల్లో మళ్ళీ తలెత్తిందని వాళ్ళ పరిశోధకులే రాశారు. గుడ్లు తక్కువ వదిలే గుర్రంలోనూ అది ఉండొచ్చు. కాబట్టి లెక్క ఎంతున్నా ప్రతి గుర్రానికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు మందు ఉండాలనేది ఇప్పటి పెద్దల మాట. సుల్తాన్‌కు కూడా వానలు వెనకపట్టాక ఒకసారి వేయిస్తున్నాను. మీరు క్యాలెండర్‌ను తిట్టి మళ్ళీ క్యాలెండర్ దగ్గరికే వచ్చారుగా అని మా ఆవిడ అంది. కొంత నిజమే. ఆరుసార్లకీ ఒకసారికీ తేడా ఉందని మాత్రం నా వాదన.

ఇంకోటి, గుడ్ల లెక్క చాలా విషయాలు దాస్తుంది. చిన్న స్ట్రాంగైళ్ళ పిల్లలు పెద్దపేగు గోడలో గూడు కట్టుకుని నెలలు, ఒక్కోసారి రెండేళ్ళు కూడా నిద్రపోతాయి. పిల్లలు గుడ్లు పెట్టవు కదా, లక్షల్లో ఉన్నా పలక సున్నా చూపిస్తుంది. చలిదేశాల్లో శీతాకాలం చివర అవన్నీ ఒక్కసారిగా గోడ చీల్చుకుని బయటపడితే, మంచి వైద్యం అందినా సగం దాకా గుర్రాలు చచ్చిపోతాయి. ఐవర్‌మెక్టిన్ ఆ గూళ్ళలోకి పెద్దగా పోదు. పోయేది మాక్సిడెక్టిన్, అది మా వైపు షాపుల్లో నాకెప్పుడూ కనబడలేదు, బక్కచిక్కిన గుర్రానికి అంత క్షేమమూ కాదు. బద్దెపురుగు గుడ్లు కూడా ఈ పలకలో సరిగ్గా దొరకవు. అంటే నేను ఇంత నమ్ముకున్న పలక, ఎవరు ఎక్కువ గుడ్లు వదులుతున్నారో, ఏ మందు పనిచేసిందో చెబుతుంది గానీ లోపల ఎన్ని పురుగులున్నాయో చెప్పదు.

గుర్రపు పిల్లల సంగతి పూర్తిగా వేరు. రెండు నెలల వయసు దాటాక వాటికి లెక్క పేరుతో ఆలస్యం చేయకూడదు. పురుగులు వందల్లోకి పెరగకముందే, డాక్టర్ చెప్పిన మందు, చెప్పిన రోజున పడాలి. బుడ్డోడికి అలా పడి ఉంటే ఆ ఆగస్టు రాత్రి ఉండేదే కాదు.

గ్రూపులో మెసేజ్ పెట్టినాయనకు నిన్న విడిగా ఫోన్ చేశాను. మంచి మనిషి, ఆరు గుర్రాలున్నాయి. అంతా విని, "అన్నా, మా దగ్గర మైక్రోస్కోపు పెట్టుకుని ఎవడు కూచుంటడు? మందు నూటయాభై రూపాయలు, పని అయిపోతది" అన్నాడు. దానికి నా దగ్గర గట్టి జవాబు లేకపోయింది. లద్దె పొట్లం కట్టి పంపితే నేను చూసి పెడతానన్నాను. నవ్వి, సరే అన్నాడు.

పొద్దున్నే బస్సు కండక్టర్‌తో ఆరు పొట్లాలు పంపాడు. ఒక్కదాని మీదా ఏ గుర్రానిదో పేరు రాయలేదు.